దాలినాయుడి తువ్వాలు

రోజు 3,902

పని పుస్తకంలో చేసిన వస్తువు పేరు, పట్టిన సమయం, యంత్రం మీద పడిన బరువు, ఈ మూడే రాయాలని నిబంధన. పదకొండేళ్ళుగా అలాగే రాశాను. కుర్చీ, రెండు గంటలు, తక్కువ. పూలకుండీ, ఒక గంట, తక్కువ. ఇన్నేళ్ళలో ఈ పుస్తకం తెరిచి చూసిన మనిషి ఒక్కరూ లేరు కాబట్టి ఇవాళ్టి నుంచి నా ఇష్టమొచ్చినట్టు రాసుకుంటాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి చెప్పొచ్చు. కనీసం చదివారని తెలుస్తుంది.

నా పేరు నూకరత్నం. ఎర్రనేల మీద నాలుగో గుమ్మటంలో ఉంటాను. ఏడు గుమ్మటాల్లో కలిపి డెబ్బై ఒక్కమందిమి. ఒక గుమ్మటం నుంచి ఇంకో గుమ్మటానికి పోవాలంటే బయటి తొడుగు వేసుకోవడానికి గంట, వచ్చాక దుమ్ము వదిలించుకోవడానికి రెండు గంటలు పడుతుంది. అందుకని సంబంధం మాట్లాడుకోవాలన్నా, తగువు తీర్చుకోవాలన్నా మండపంలోనే. మండపమంటే నిజం మండపం కాదు. ఎవరి గుమ్మటంలో వాళ్ళం అరలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంటే మా బొమ్మలు అక్కడికి పోయి కూర్చుంటాయి. మనం చెయ్యెత్తితే బొమ్మ చెయ్యెత్తుతుంది. మనం ఆవలిస్తే అదీ ఆవలిస్తుంది. ఆ బొమ్మలు కూర్చునే కుర్చీలు, తాగినట్టు నటించే టీ గ్లాసులు, గోడ మీద గడియారం అన్నీ నేను చేసినవే. ఒక్కరూ బాగున్నాయని అనలేదు. కుర్చీ బాగుంటే కుర్చీ మాట ఎవరికీ గుర్తుండదు.

ఇవాళ సభలో దాలినాయుడు చిన్నాన్న లేచి నిలబడ్డాడు. ఆయన నాకు చుట్టం కాదు, పక్క అర ఆయనది, వరస నేనే కలుపుకున్నాను. గుమ్మటంలో ఆయన నోరు ఆగదు. పొద్దున్నే పొట్లపందిరి కింద చేరి మాట్లాడుతూనే ఉంటాడు. ఎర్రనేల మొత్తం మీద మట్టిలో పెరిగేది ఆ పందిరి ఒక్కటే, మిగతా తిండంతా తొట్టెల్లో నాచు. కాయ తిన్నగా సాగాలంటే కొసకు రాయి కట్టాలి కదా. ఇక్కడ దేని బరువైనా మూడో వంతే కాబట్టి ఆయన కాయకు మూడేసి రాళ్ళు కడతాడు. వారానికో కాయ, వంతుల ప్రకారం గుమ్మటానికొకటి. మనిషికి నాలుగు ముక్కలు వస్తాయి. ఆ నాలుగు ముక్కల కోసం ఏడు వారాలు ఎదురుచూస్తాం.

పందిరికిచ్చే నీళ్ళు సగానికి తగ్గించారు. అడగాలని లేచాడు. కుడిచెయ్యి ఎడమ భుజం మీదికి పోయింది, అక్కడ తడుముకుంది, కిందికి వచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది.

"ఏం నాయుడన్నా, చెప్పేదుంటే చెప్పు, లేకుంటే కూచ్చో" అంది సభ పెద్ద ఓబులమ్మ.

కూర్చున్నాడు. నీళ్ళు సగమే ఖాయమయ్యాయి.

కళ్ళజోళ్ళు తీశాక అడిగాను, పొద్దున్న నాకు గంటసేపు చెప్పినది అక్కడ రెండు ముక్కలు చెప్పలేకపోయావా అని.

"బుజం మీద ఏటీ లేదమ్మా. తువ్వాలు లేకపోతే నాకు నలుగుర్లో మాట రాదు" అన్నాడు.

"మరి పందిరి కింద వస్తోంది కదా?"

"అక్కడ కాయలతో మాటాడతాను. అదీ ఒక మాటేటి."

రాకెట్ ఎక్కిన రోజున సామాను బరువు ఎక్కువైందని గేటు దగ్గర ఆయన తువ్వాలు తీయించేశారట. ఇక్కడ తడి ఆర్చడానికి గాలి గొట్టాలున్నాయి, నూలు గుడ్డ ఎందుకు అన్నారట. పదకొండేళ్ళుగా ఎవరినీ అడగలేదు, నవ్వుతారనీసి. మండపంలోకి నేను చేసి పెడతాను, తువ్వాలే కదా, రెండు గంటల పని అన్నాను. ఈ మాట ఇక్కడ నేనే రాసిపెట్టుకుంటున్నాను, రేపు ఇంకొకరు ఎత్తిపొడిచే అవసరం లేకుండా.

రోజు 3,904

తువ్వాలు ఏమేం చెయ్యాలో చెప్పమన్నాను. భుజం మీద ఉంటుంది, అంతే కదా అనుకున్నాను. చిన్నాన్న వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.

భుజం మీద వేసుకోవాలి. కోపం వస్తే తీసి దులిపి మళ్ళీ వేసుకోవాలి. పెద్దవాళ్ళు ఎదురైతే తీసి చంకలో పెట్టుకోవాలి. పనిలోకి దిగితే నడుముకు బిగించాలి, ఎండకు తలకు చుట్టాలి, మోత మొయ్యాలంటే కుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకోవాలి. ముఖం తుడుచుకోవాలి. ఎదుటివాడు అబద్ధం చెప్తున్నాడనిపిస్తే ముఖం తుడుచుకున్నట్టు నటిస్తూ నవ్వు దాచుకోవాలి. బస్సు కిటికీలోంచి సీటు మీదికి విసరాలి.

"ఇక్కడ బస్సులెక్కడున్నాయి చిన్నాన్నా?"

"తువ్వాలు ఉంటే ఇసరడం వస్తాది కదమ్మా."

రెండు పేజీలు నిండాయి. రెండు గంటలు అన్నానే, ఆ రెండు గంటలు ఈ జాబితా రాసుకోవడానికే పట్టాయి.

రోజు 3,907

మొదటి తువ్వాలు అప్పడంలా వచ్చింది. భుజం మీద పెడితే అడ్డంగా బిగదీసుకుని నిలబడింది. పక్కనున్న బొమ్మ చెవికి తగిలింది.

రెండోది మెత్తగా చేశాను. మరీ మెత్తనైపోయింది. భుజం మీద వేస్తే భుజంలోంచి జారింది, కుర్చీలోంచి జారింది, నేలలోంచి కూడా జారి కనబడకుండా పోయింది. పీడా వదిలిందనుకుని టీ తాగడానికి లేచాను. మధ్యాహ్నం ఒకటో గుమ్మటం నుంచి రాజమల్లు పిలిచాడు. మండపం యంత్రాన్ని చూసుకునేది అతనే.

"అక్కా, మీ గుడ్డ ఇంక పడుతనే ఉన్నది. కింద ఏం లేదు గదా, గందుకే ఆగుతలేదు. యంత్రం వేడెక్కుతున్నది, జెర పట్టుకో" అన్నాడు.

ఎక్కడని పట్టుకోను. చివరికి అతనే తుడిచేశాడు. గుడ్డకు యంత్రం ఇంత కష్టపడుతుందని నాకప్పుడే తెలిసింది. తెలిసినా పట్టించుకోలేదు.

రోజు 3,911

అయింది.

మండపం యంత్రానికి లోకంలో రెండే రకాలు. ఎముకలున్నవి, లేనివి. ఎముకలున్నవి వంగుతాయి, చెప్పిన భంగిమలో నిలుస్తాయి. లేనివి కుర్చీల్లా పడి ఉంటాయి. మనుషుల బొమ్మలకు తప్ప ఇంక దేనికీ ఎముకలు లేవు. నాకు ఎముకలు తయారుచెయ్యడం రాదు, నేర్పేవాళ్ళూ లేరు. సామాన్ల కొట్టులో ఎవరూ వాడని మనిషి బొమ్మ ఒకటుంది. దాని తల తీసేశాను, ఒళ్ళు తీసేశాను, ఎముకలు ఉంచాను. వాటికి గుడ్డ తొడిగాను. రెండు చేతులు పై అంచు మూలలకు, రెండు కాళ్ళు కింది మూలలకు, వెన్నెముక మధ్య మడతకు. తెలుపు రంగు, అంచుకు ఎర్ర గీత.

దులిపితే దులిపించుకుంది. తలకు చుడితే చుట్టుకుంది. చంకలో పెడితే అణిగిమణిగి ఉంది. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను, పదకొండేళ్ళలో నేను చేసిన వస్తువుల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. మండపంలో ఉన్నవన్నీ యంత్రం రాసుకునే రిజిస్టరులో, రకం అని ఉన్నచోట అంతకుముందే 'బొమ్మ' అని ఉంది. మార్చాలి. ఆకలేస్తోందని వదిలేసి భోజనానికి పోయాను.

రోజు 3,912

చిన్నాన్న లేచాడు. చెయ్యి భుజం మీదికి పోయింది. ఉంది. తీసి ఒక్కసారి దులిపాడు. మండపం అంతా అటు తిరిగింది.

ఇరవై నిమిషాలు మాట్లాడాడు. నీళ్ళు ఎందుకు తగ్గించారు, తగ్గిస్తే పూత ఎలా రాలుతుంది, రాలితే మీ నాలుగు ముక్కలు రెండు ముక్కలవుతాయి అని మొదలుపెట్టి, మధ్యలో రెండుసార్లు ముఖం తుడుచుకుని, చివర్లో తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని కూర్చున్నాడు. నీళ్ళు పూర్తిగా తిరిగి ఇచ్చేశారు. పక్క అరలో కూర్చున్న నాకు ఏడుపొచ్చింది. కళ్ళజోడులోపల తుడుచుకోవడం కుదరలేదు.

సభ ముగిశాక ఓబులమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"మే రత్నమ్మా, ఆ గుడ్డ బలే ఉండాది. నాకొకటి చేసియ్యి. సభ నడిపేదానికి చేతిలో ఏమన్నా ఉండల్ల గదా" అంది.

రోజు 3,919

డెబ్బై ఒక్కటి చేశాను. ఒకటి చేశాక మిగతావి నకళ్ళే, కష్టమేమీ లేదు. ఆడా మగా అందరూ వేసుకున్నారు. రెండో గుమ్మటంలో ఒకావిడ తన తువ్వాలుకు జరీ అంచు కావాలంది, పెట్టాను. ఆరో గుమ్మటం వాళ్ళంతా ఒకే రంగు కావాలన్నారు, ఇచ్చాను. సభలో ఇప్పుడు ఎవరు లేచినా ముందు దులుపుడే. నిన్న ఒకేసారి పదిమంది దులిపారు. తువ్వాళ్ళ చప్పుడు నేను పెట్టలేదు, రాజమల్లు పెట్టాడట, బాగుంటుందని.

మండపంలో బొమ్మలు నన్ను ఆపి మరీ పలకరిస్తున్నాయి. గొప్పలకు పోకూడదని ఉంది గాని, పోయాను.

రోజు 3,926

మండపంలో ముందు వరస కుర్చీలు ఇరవై. అక్కడ కూర్చుంటేనే ఓబులమ్మ కంటపడతాం, మాట్లాడే వంతు దొరుకుతుంది. ఇన్నాళ్ళూ ముందు వచ్చినవాళ్ళవి. ఇప్పుడు తువ్వాలు వేసినవాళ్ళవి.

ఎవరు మొదలుపెట్టారో తెలీదు. పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకోవడం, మండపంలోకి పోయి కుర్చీ మీద తువ్వాలు వెయ్యడం, జోడు తీసి పనికి పోవడం. సాయంత్రం సభ. కొందరు సీటు మీద మడిచి పెడుతున్నారు. నమ్మకం లేనివాళ్ళు కుర్చీ వీపుకు రెండు పై మూలలూ ఎగదీసి తగిలిస్తున్నారు, దూరం నుంచి కూడా కనబడాలని. ఒకాయన తలుపు దగ్గర నిలబడి ముందు వరసలోకి విసిరాడు. సరిగ్గా పడింది. ఆ విసురు చూసి చిన్నాన్న మురిసిపోయాడు.

అది తీసి పక్కన పెట్టి కూర్చోవచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు. మన జనం అలా ఎలా కూర్చుంటారు. బండి మీదొచ్చినా, రాకెట్ ఎక్కి వచ్చినా వేసిన తువ్వాలు తియ్యరు. ఓబులమ్మ కూడా "తువ్వాలుంటే సీటుంటుంది, ఇంక మాటలేదు" అని తీర్పు చెప్పింది. ఆమెది కూడా ఒకటి అక్కడే ఉంది.

రోజు 3,933

ఇవాళ నా బల్ల మీదికి మండపం యంత్రం నుంచి ఒక హెచ్చరిక కాగితం వచ్చింది, అందరికీ పని వంతులు వేసేదీ అదే. 72వ సభ్యుడు మూడు వారాలుగా దుమ్ము జల్లెడలు కడిగే వంతుకు రావడం లేదు, కారణం తెలపాలి. మా గుమ్మటం చిరునామా ఉంది. డెబ్బై రెండో మనిషి ఎవరూ లేరని రాసి పంపాను. సాయంత్రానికి 73, 74 సభ్యుల మీద కూడా వచ్చాయి. యంత్రానికి పిచ్చి పట్టిందనుకుని చించి పారేశాను.

నిజంగానే దాని ఒంట్లో బాగాలేనట్టుంది. సభలో ఓబులమ్మ పెదవులు ముందు కదిలాయి, మాట తర్వాత వచ్చింది. చిన్నాన్న బొమ్మ లేచి నిలబడింది, తువ్వాలు మాత్రం ఇంకా కూర్చునే ఉంది.

రోజు 3,936

రాజమల్లు సభకు చెప్పాడు, యంత్రం మీద బరువు రెట్టింపైంది, గుడ్డలు దాన్ని తినేస్తున్నాయి అని. దిగిన రోజు నుంచి కొట్టులో ఖాళీగా పడి ఉన్న రెండో యంత్రం పెట్టె బిగిస్తే సరిపోతుందట. బిగించడానికి మూడు రోజులు చాలు. కాని అది చల్లగా ఉండాలి, పక్కన నీళ్ళ గొట్టం ఉండాలి, నేల గట్టిదై ఉండాలి. అలాంటి చోటు ఏడు గుమ్మటాల్లోనూ ఒక్కటే ఉంది.

పొట్లపందిరి ఉన్న మూల.

"అయిదు రోజులాగి చేతులెత్తి తేల్చుకుందాం" అంది ఓబులమ్మ.

పక్క అరలోంచి చిన్నాన్న దగ్గు వినబడింది.

రోజు 3,937

పొద్దున్న పందిరి కిందికి పోయాను. ఆయన కాయలకు రాళ్ళు సరిచేస్తున్నాడు. మాట్లాడటం లేదు. పదకొండేళ్ళలో ఆ పందిరి కింద నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు.

"చిన్నాన్నా, ఇదంతా నా వల్లే" అన్నాను.

"నువ్వేటి సేసినావమ్మా. నాను అడిగినాను, నువ్వు సేసినావు. అందరికీ నచ్చింది. నచ్చడం తప్పేటి."

"తీసేస్తారేమో."

"తీసేస్తే నాను ఎక్కడ నిలబడాల?" అని అడిగాడు. నన్ను కాదు, పక్కనున్న కాయను అడిగాడు. తర్వాత నా వైపు తిరిగి, సభలో గట్టిగా మాట్లాడతానని, తువ్వాలుంది కదా, భయం లేదని చెప్పాడు. ఆయనే నాకు ధైర్యం చెప్పాడు. సిగ్గేసింది.

రోజు 3,941

మాట్లాడాడు. చాలా బాగా మాట్లాడాడు. జనం కూడా ఆయన దులిపిన ప్రతిసారీ తామూ దులిపి మెచ్చుకున్నారు. ఆ దులుపుడుకు యంత్రం ఇంకా నెమ్మదించి, ఆయన చివరి మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఆ ముక్కలు వింటూ జనం, రెండో యంత్రం కావాల్సిందే అనుకున్నట్టున్నారు.

చేతులెత్తమన్నారు. లెక్కపెట్టేది యంత్రమే. పందిరి తియ్యాలన్నవి నలభై ఎనిమిది. ఉంచాలన్నవి ముప్పై తొమ్మిది.

చిన్నాన్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఓబులమ్మ మాత్రం లేవలేదు. వేళ్ళు మడుస్తోంది.

"నలభై ఎనిమిది, ముప్పై తొమ్మిది. ఎనభై ఏడు. మనం డెబ్బై ఒక్కరమే గదా. ఈ పదారు చేతులు యాడ్నుంచి వచ్చినాయి?" అంది.

తేలేదాకా ఏదీ ఖాయం కాదని సభ ముగించింది.

రోజు 3,942

పొద్దున్నే రాజమల్లు పిలిచాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అక్కా, రిజిస్టర్ల నూట నలభై ఇద్దరు మనుషులున్నరు."

"అదేమిటి?"

"మీ తువ్వాలు గుడ్డ కాదక్కా. మనిషే. ఊపిరి తీస్తున్నది, మనం చెప్పింది వింటున్నది, కండ్లు ఆర్పుతున్నది. కండ్లు లెవ్వు గానీ ఆర్పుతనే ఉన్నది. గందుకే గింత బరువు."

మనిషి ఎముకలు వాడి, రకం దగ్గర 'బొమ్మ' అని వదిలేసి భోజనానికి పోయినదాన్ని నేనే. కుర్చీ వీపుకు పై మూలలు ఎగదీసి తగిలించిన తువ్వాళ్ళు నిన్న ఎనిమిది. యంత్రం లెక్కలో అవి రెండు చేతులూ ఎత్తి కూర్చున్న మనుషులు. తియ్యాలి అన్నప్పుడూ ఎత్తే ఉన్నాయి, ఉంచాలి అన్నప్పుడూ ఎత్తే ఉన్నాయి. మనిషికి ఒక చెయ్యే లెక్క కాబట్టి రెండు వైపులా ఎనిమిదేసి కలిశాయి. రెండు వారాలుగా సభలో అయిన తీర్మానాలన్నిట్లోనూ వాటికి పాలు ఉంది. పొద్దుటి గంట అరగంట ముందుకు జరిపారని నేను తిట్టని రోజు లేదు. మామూలు తీర్మానాలకు ఔనన్న చేతులే లెక్క, సగం దాటితే చాలు, అది సగం దాటింది మూడంటే మూడు చేతులతో.

తువ్వాళ్ళు తీసేస్తే నలభై, ముప్పై ఒకటి. అంటే మనుషుల లెక్కలో కూడా పందిరి పోయినట్టే.

కాని బరువు గుడ్డది కాదు, లోపలి మనిషిది. గుడ్డకు మాత్రమే సరిపడే ఎముకలు కొత్తగా చేస్తే రెండో యంత్రం అక్కర్లేదు. రాజమల్లు సాయం చేస్తే నలభై రోజుల్లో చెయ్యగలను. ఆ నలభై రోజులూ ఎవరి భుజం మీదా తువ్వాలు ఉండకూడదు. పెట్టె బిగించడానికైతే మూడు రోజులు.

మధ్యాహ్నం సభ పిలిపించి అంతా చెప్పాను. ఎముకల సంగతి, రిజిస్టరు సంగతి, ఆకలి సంగతి కూడా. దాచి ఏం లాభం.

"అంటే ఇన్నాళ్ళూ నేను తువ్వాళ్ళకి గూడా నమస్కారం పెట్టి సభ మొదలుపెడతా ఉండానా" అంది ఓబులమ్మ.

నవ్వారు. నవ్వు ఆగాక మాత్రం సణుగుడు మొదలైంది. నలభై రోజులా, మూడు రోజుల్లో అయ్యేదానికి నలభై రోజులు ఎందుకు ఆగాలి, నాలుగు పొట్లముక్కల కోసమా అన్నారు. కొందరైతే తమ తువ్వాలు గట్టిగా పట్టుకున్నారు, నేను లాక్కుంటానన్నట్టు. నన్ను ఆపి పలకరించినవాళ్ళే.

ఎల్లుండి మళ్ళీ చేతులెత్తడం. లెక్క తప్పకుండా ఆ సభకు తువ్వాళ్ళు తేకూడదని ఓబులమ్మ ఆజ్ఞ. న్యాయమే. కాని ఆ ఆజ్ఞ ఎవరి నోరు మూయిస్తుందో ఆమెకు తోచలేదు. నాకు వెంటనే తోచింది.

రోజు 3,944

పొద్దున్న చిన్నాన్న నాచు అట్టు ముట్టుకోలేదు. నీ బదులు నేను మాట్లాడతానన్నాను.

"నువ్వు బాగా సెప్తావు రత్నమ్మా. కానీ పందిరి నాది కదా" అన్నాడు.

మండపంలో డెబ్బై ఒక్క బొమ్మలు, డెబ్బై ఒక్క ఉత్త భుజాలు. ముందు వరసలో సీటు ఎలా పట్టాలో తెలియక చాలామంది నిలబడే ఉన్నారు. ఓబులమ్మ సభ మొదలుపెట్టబోయి తువ్వాలు కోసం ఒళ్ళో తడుముకుంది, లేదు, గొంతు సవరించుకుంది. పెట్టె కావాలనే వాళ్ళ తరఫున రెండో గుమ్మటం నుంచి జరీ అంచు ఆవిడ లేచింది. చెయ్యి భుజం మీదికి పోయింది, కిందికి వచ్చింది. ఏదో అంది, ఏం చెప్పాలనుకున్నానో మర్చిపోయానంది, కూర్చుంది. తర్వాత లేచినాయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, ముందుకు తెచ్చుకున్నాడు, కట్టుకున్నాడు. ఆయనకూ మాట కుదరలేదు.

చిన్నాన్న లేచాడు.

చెయ్యి భుజం మీదికి పోయింది. తడిమింది. కిందికి వచ్చింది. నేను కళ్ళజోడు తీసి పక్క అరలోకి చూశాను. అక్కడ నిజం మనిషి కూడా అలాగే నిలబడి ఉన్నాడు. కూర్చుంటాడనుకున్నాను. మోకాళ్ళు వంగాయి కూడా. మళ్ళీ నిటారయ్యాడు. నేను జోడు పెట్టుకున్నాను.

"సేతులు ఎక్కడెట్టుకోవాలో మీ ఎవరికీ తెలీటం లేదు కదేటి" అన్నాడు.

ఎవరో ఇబ్బందిగా నవ్వారు.

"మీకు ఇది ఒక్క పూట. నాకు పదకొండేళ్ళు."

ఆ నవ్వు ఆగిపోయింది.

"ఆ పదకొండేళ్ళూ నా మాట ఇన్నది ఆ పందిరొక్కటే. రత్నమ్మ తువ్వాలిచ్చినాక మీరు ఇన్నారు. నాకు తువ్వాలంటే ఇష్టం నేదని కాదు. మీ అందరికంటే ముందు అడిగింది నానే. కానీ రెండిట్లో ఏది గావాల అంటే, ఇదిగో, ఉత్త బుజంతో నిలబడి సెప్తన్నాను, నాకు పందిరి గావాల. నలబై రోజులు మీరు కూడా ఇలగ ఉండండి. సేతులు ఎలాడతాయి. మాట ఎంటనే రాదు. ఏటీ కాదు, ఉండగలరు. నానున్నాను కదా."

అంతే. ఇరవై నిమిషాలు కాదు, రెండు నిమిషాలు.

ఈసారి యంత్రాన్ని నమ్మకుండా ఓబులమ్మే వరసల మధ్య తిరిగి వేలు పెట్టి లెక్కపెట్టింది. పందిరి తియ్యాలన్నవాళ్ళు ఇరవై ఇద్దరు. ఉంచాలన్నవాళ్ళు నలభై తొమ్మిది మంది. రెండుసార్లు కూడి చూసింది, డెబ్బై ఒక్కటే. జరీ అంచు ఆవిడ చెయ్యి ఉంచాలన్నప్పుడు లేచింది, నేను చూశాను.

"అయిపోయింది నాయుడన్నా. పందిరి నీదే. కూచ్చో" అంది ఓబులమ్మ.

ఆయన కూర్చోలేదు. ఎడమ భుజాన్ని ఒకసారి కుడిచేత్తో తట్టుకున్నాడు, చెయ్యి దించేశాడు.

"ఇంకా ఉందమ్మా" అన్నాడు.

"ఇంకేముందన్నా?"

"దిగిన్నాడు నాకు ఇచ్చిన బూట్లు. రెండూ ఎడం కాలివే."

పదకొండేళ్ళు. ఓబులమ్మ కాసేపు ఆయన ముఖం చూసి తన కుర్చీలో కూర్చుంది. నిలబడి ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే కూర్చున్నారు. చిన్నాన్న మొదటి రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. సాయంత్రం భోజనాల గంట కొట్టింది. ఒక్కరూ లేవలేదు.